ప్రశ్నలు - జవాబులు: ఆర్‌సీలో ఎవరి పేరుంది?

సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారం మీద కోయంబత్తూరు, మదురై వైపు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకే చోట ఇస్తున్నాను. వీటిలో కొన్ని తమిళ లిపిలో రాసిన తెలుగు ఉత్తరాలు. వాటి లిపి మార్చాం, మాట మార్చలేదు.

*ప్ర: నాకు 27 ఏండ్లు. నాలుగేండ్లు కార్ల షోరూములో సేల్స్‌లో ఉండాను. ఇప్పుడు సొంతంగా కార్ కన్సల్టింగ్ పెట్టాలని ఉండాది. మా నాయన ఆరు లక్షలు ఇస్తానన్నాడు. అవినాశి రోడ్డుకు దగ్గరలో ఖాళీ స్థలం ఒకటి నెలకు ముప్పై వేల బాడుగకు వస్తా ఉండాది, అడ్వాన్సు మూడు లక్షలు. షెడ్డు వేసి, మిగిలిన డబ్బుతో రెండు కార్లు నిలబెట్టి మొదలు పెట్టొచ్చునా?*
— ఎస్., పీలమేడు

జ: స్థలం వద్దు. అడ్వాన్సు, షెడ్డు, బోర్డు, లైట్లు పోగా నీ చేతిలో మిగిలే డబ్బుకు వచ్చేది ఒక పాత ఆల్టో. అంత పెద్ద షెడ్డులో ఒంటరిగా నిలబడిన కారును చూస్తే ఎవరికైనా ఇది ఎందుకో అమ్ముడుపోలేదన్న అనుమానమే వస్తుంది. అది అమ్ముడైనా కాకపోయినా ఒకటో తారీఖున ముప్పై వేలు తప్పవు.

కాగితం తీసుకో. 2,20,000కు ఒక వేగన్‌ఆర్ కొన్నావనుకుందాం. రెండు టైర్లు, బ్యాటరీ, కాస్త టింకరింగు, పాలిష్ అన్నీ కలిపి 15,000. అమ్మింది 2,65,000కు. ముప్పై వేలు మిగిలిందని నీ లెక్క. జీఎస్టీ వాళ్ళ లెక్క వేరు. వాళ్ళు చూసేది కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడానే. మధ్యలో నువ్వు పెట్టిన రిపేరు ఖర్చు అందులోంచి తీసేయరు. కాబట్టి రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి 45,000 మీద 18 శాతం, అంటే 8,100. ఇదివరకు చిన్న కార్లకు 12 శాతమే ఉండేది. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్ అన్నిటికీ 18 చేసింది. నీకు మిగిలింది 21,900. అదీ సొంత డబ్బయితేనే. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బయి, కారు మూడు నెలలు కదలకపోతే వడ్డీకే 14,100 పోతుంది. అప్పుడు మూడు నెలల కష్టానికి నీకు దక్కేది 7,800. ఆ స్థలం బాడుగలో ఒక వారానికి సరిపోతుంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎప్పుడు చేయించాలో ఆడిటరును మొదటి కారు కొనకముందే అడుగు. నోటీసు వచ్చాక అడిగితే ఆయన ఫీజు కూడా మారుతుంది.

నిలవ ఉంచిన కారు ధర దానంతటదే తగ్గుతుందని షోరూములో పనిచేసినవాడికి నేను చెప్పక్కర్లేదు. అయినా 2025 సెప్టెంబరు 22ను గుర్తుచేస్తాను. ఆ రోజు చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్త కారు చవకయ్యేసరికి, పాత కారు అడగవచ్చినవాడు ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా అన్నాడు. అంతకు ముందు వారం వరుసగా కార్లు కొని యార్డు నింపుకున్నవాళ్ళు ఏ తప్పూ చేయకుండానే నష్టపోయారు. ఒక్క కారు ఉన్నవాడికి ఒక్క కారు నష్టమే.

కాబట్టి మొదటి ఏడాది మీ ఇంటి వాకిలే నీ కొట్టు. ఒకటి కొను, అది పోయాక ఇంకొకటి కొను. మీ నాయనిచ్చే ఆరు లక్షల్లో రెండు లక్షలు ముట్టుకోకు. ఎవరికో అర్జంటుగా డబ్బు కావాల్సి వచ్చి, సాయంత్రంలోగా నగదు ఇస్తే ఇరవై వేలు తగ్గిస్తానంటాడు. ఆ అవకాశం కోసం ఆ డబ్బు. షోరూములో నువ్వు సంపాదించిన అసలు ఆస్తి ఎవరు కారు మార్చబోతున్నారో నలుగురి కన్నా ముందు తెలియడం. షోరూము ఎక్స్‌చేంజిలో తక్కువ ధర చెబితే మొహం చిన్నబోయి బయటికొచ్చిన మనిషికి నువ్వు పదివేలు ఎక్కువిచ్చినా నీకు లాభమే.

*ప్ర: మీటరు కొంచెం వెనక్కి తిప్పితే తప్పా? అందరూ చేస్తారు కదా?*
— మదురై

జ: తప్పే. పైగా అరిగిపోయిన బ్రేకు పెడలు రబ్బరు, కంపెనీ సర్వీసు రికార్డు రెండూ నిన్ను పట్టిస్తాయి.

*ప్ర: మా ఊళ్ళో బ్రోకర్లందరూ ఓనరు దగ్గర ఫారం 29, ఫారం 30 మీద కొనేవాడి పేరూ తేదీ లేకుండా సంతకాలు తీసి పెట్టుకుంటారు. కారు ఎవరికి పోతే వాళ్ళ పేరు రాస్తారు. మధ్యలో మన పేరు ఎక్కదు కాబట్టి ఓనర్ల లెక్క పెరగదు, ఫీజు మిగులుతుంది. నేనూ ఏడాదిగా అట్లే చేస్తా ఉండాను. మా మామ మాత్రం వద్దు వద్దంటా ఉండాడు. ఆయనది పాతకాలం భయం. మీరేమంటారు?*
— పేరు వద్దు, అనుప్పానడి, మదురై

జ: మీ మామగారికి నా నమస్కారాలు చెప్పండి. మీ ఇంట్లో ఈ వ్యాపారం అర్థమైనవారు ఆయనొక్కరే.

ఖాళీ ఫారం మీద సంతకం తీసుకున్న రోజున మీరు ఆ కారును ఒకరికే అమ్ముతాననుకుంటారు. మీకు గిరాకీ తగలదు. దిండిగల్ బ్రోకరు వచ్చి, నాకివ్వన్నా, అంటాడు. కారుతో పాటు ఆ ఫారాలూ పోతాయి. అతను తేనిలో ఇంకొకడికి ఇస్తాడు. నాలుగో చేతిలోనో ఐదో చేతిలోనో అది ఎవరో నడుపుకుంటూ ఉంటారు. పేరు మార్చుకోవడానికి వాళ్ళకు తీరిక ఉండదు. రికార్డులో ఓనరు ఎవరు? మదురైలో మీ మాట నమ్మి సంతకం పెట్టిన రిటైర్డు టీచరు. చలాన్లు ఆయన సెల్లుకు వస్తాయి. ఆయన మీకు ఫోన్ చేస్తాడు, మీరు దిండిగల్ అతనికి చేస్తారు, అతను ఫోన్ ఎత్తడు.

చలానుతో పోతే అదృష్టం. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తేల్చిన కేసు చూడండి. 2007లో కారు అమ్మేశానన్నాడు ఒకాయన. అది చేతులు మారుతూ పోయింది. 2009లో ఆ కారు వెనక్కి వస్తూ గుద్ది ఒక పిల్లవాడు చనిపోయాడు. అమ్మినాయన, కొన్నాయన, వాళ్ళ దగ్గర కొన్నాయన అందరూ నాది కాదు నాది కాదన్నారు. కోర్టు ఒక్కటే చూసింది, ప్రమాదం జరిగిన రోజున రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందని. అది ఇంకా అమ్మినాయన పేరునే ఉంది కాబట్టి నష్టపరిహారం ఆయనే ఇవ్వాలన్నది. చనిపోయిన పిల్లవాడి తల్లిదండ్రులు కారు ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగనక్కర్లేదన్నది కోర్టు ఉద్దేశం. దాన్ని తప్పనగలమా?

ఇక మీకు ఇంకా దగ్గరిది. 2022 అక్టోబరు 23 తెల్లవారుజామున కోయంబత్తూరు ఉక్కడంలో, కోట్టై ఈశ్వరన్ గుడి ముందు పేలిన కారు పాత మారుతి 800. ఎన్నో చేతులు మారిన బండి. ఎవరు ఎవరికి అమ్మారో పోలీసులు ఒక్కొక్కరినీ పట్టుకుని అడుగుతూ పోవాల్సి వచ్చింది. ఆ వరుసలో ఉన్న ప్రతి మనిషీ, ఏ పాపమూ ఎరగనివాళ్ళు కూడా, నేను ఫలానా రోజున ఫలానావారికి ఇచ్చాను అని రుజువు చూపించుకోవలసిందే. మీ ఇంటికి పోలీసులొచ్చి అడిగితే మీ దగ్గర చూపించడానికి ఏముంది? పేరూ తేదీ లేని ఫారం జిరాక్సు?

చట్టం ఏమీ దాచలేదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం అమ్మినవాడు రాష్ట్రం లోపలైతే 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఓనర్ల లెక్క పెరుగుతుందన్న మీ బాధకు కూడా 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక దారి ఉంది. పాత వాహనాల డీలరుగా ఆర్టీఓ దగ్గర అధికార పత్రం తీసుకోవచ్చు, ఐదేళ్ళు చెల్లుతుంది. ఓనరు మీకు కారు అప్పజెప్పగానే ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్లో తెలియజేస్తారు. అక్కడి నుంచి ఆ కారుకు బాధ్యులు మీరే అని రికార్డుకెక్కుతుంది, టీచరుగారు ఆ రాత్రి నిద్రపోతారు. పేరు మార్పుకు, డూప్లికేట్ ఆర్‌సీకి, ఎన్‌ఓసీకి మీరే దరఖాస్తు చేయవచ్చు. ఒక్క చిక్కు: ఆ కారును గిరాకీకి నడిపి చూపించడానికో రిపేరుకో తప్ప బయటికి తీయకూడదు, తీసిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి. స్టాకులో ఉన్న ఇన్నోవాలో బంధువులందరినీ ఎక్కించుకుని పళనికి పోయే అలవాటున్నవాళ్ళకు ఇది నచ్చదు.

అధికార పత్రం చేతికి వచ్చేదాకా కనీసం ఇంత చేయండి. కారు మీ వాకిట్లోకి వచ్చినప్పుడు ఒక డెలివరీ నోటు, పోయినప్పుడు ఒక డెలివరీ నోటు. తేదీతో పాటు గంట, నిమిషం రాయండి. పదకొండు గంటలకు కారు ఇచ్చారు, పన్నెండుకు అతను ఎవరినో గుద్దాడు. ఆ ఒక్క గంట కోసం మీరు ఏళ్ళ తరబడి కోర్టుకు తిరగకూడదు. ఆధార్ కాపీ, కారు పక్కన నిలబెట్టి ఒక ఫోటో తీసుకోండి. పాత ఓనరు ఫాస్టాగ్ తీయించేయండి. కొన్నవాడి పేరు ఎక్కేవరకు అతని దగ్గర పదివేలు పట్టి ఉంచండి, కొత్త ఆర్‌సీ చూపించిన రోజున తిరిగివ్వండి. తీరిక లేనివాళ్ళకు కూడా అప్పుడు తీరిక దొరుకుతుంది.

ఇప్పటిదాకా ఏడాదిలో అమ్మిన కార్ల నంబర్లు తీసి పరివాహన్‌లో ఒక్కొక్కటీ కొట్టి చూడండి. పాత పేరే ఉన్నవాటి వెంట పడండి. ఈ పని ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

*ప్ర: మా వాడు ఇంజనీరింగు చదివి పంపుసెట్ల కంపెనీలో ఉద్యోగం చేస్తా ఉండినాడు. అది మానేసి పాత కార్లు కొని అమ్ముతానంటాడు. బ్రోకరు అంటే పిల్లనెవరిస్తారండీ? మాది నలుగురిలో పేరున్న కుటుంబం. మీరైనా నాలుగు మాటలు చెప్పండి.*
— ఒక తల్లి, సూలూరు

జ: అమ్మా, సూలూరు పక్కన కలంగల్ అనే పల్లె మీకు తెలియంది కాదు. 1893లో అక్కడ పుట్టిన తెలుగు రైతు కుటుంబం పిల్లవాడు ఒక దొర నడిపే రడ్జ్ మోటారు సైకిలు చూసి, అది కొనాలని కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా చేరాడు. కూలి కూడబెట్టి ఆ దొర దగ్గర ఆ బండే కొన్నాడు. కొత్తది కాదు, దొర వాడిన బండి. విప్పి, మళ్ళీ బిగించి మోటారు పని నేర్చుకున్నాడు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచి, పళని మధ్య తానే నడిపాడు. జి.డి. నాయుడు గారి కథ ఇది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరిచిన పది కిలోమీటర్ల వంతెనకు పెట్టింది ఆయన పేరే. వంతెన మీద పోతున్నప్పుడు హోటలు సర్వరు గుర్తుకు రాడు ఎవరికీ.

మీ అబ్బాయి జి.డి. నాయుడు అవుతాడని నేను చెప్పడం లేదు. మన వాళ్ళలో చాలా ఇళ్ళలో ఒకే పాఠం నడుస్తోంది: తాత లేత్ వర్క్‌షాపులో చేతులు నల్లగా చేసుకున్నాడు, తండ్రి మోటారు పంపులు చేశాడు, మనవడు మాత్రం ఏసీ గదిలో కూర్చోవాలి. ఎందుకు? పిల్లనిచ్చేవాళ్ళు అడగవలసింది వాడు బ్రోకరా కాదా అని కాదు, వాడి దగ్గర కారు కొన్నవాళ్ళు రెండో కారుకు మళ్ళీ వస్తున్నారా అని. ఆ సంగతి ఏడాదిలో తెలుస్తుంది. అందాకా పెళ్ళి మాట ఎత్తకండి, ఉద్యోగం మాటా ఎత్తకండి. వాడు ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుంటున్నాడేమో మాత్రం మీరే కనిపెట్టి చూడండి. తల్లి అడిగితే అబద్ధం చెప్పడం కష్టం.

*ప్ర: లోన్ కట్టేశాను, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించడమే మిగిలిందంటాడు ఓనరు. డబ్బంతా ఇచ్చేయొచ్చునా?*
— సింగానల్లూరు

జ: ఫైనాన్స్ వాళ్ళ సంతకమున్న ఫారం 35, వాళ్ళ ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా బయానాకు మించి పైసా ఇవ్వకండి.

*ప్ర: మాది గణపతి. నాకు డ్రైవింగు బాగా వచ్చు, బేరం బాగా వచ్చు. మెకానిజం రాదు. ఆడపిల్లను, ఈ వ్యాపారంలో మోసపోతానని ఇంట్లో వెనక్కి లాగుతా ఉండారు. ఒక మెకానిక్ కారుకు ఇంత కమీషన్ అని తోడు వస్తానన్నాడు. సరేనందునా?*
— కె.

జ: వ్యాపారానికి సరే, ఆ ఒప్పందానికి వద్దు. కమీషన్ మీద వచ్చే మెకానిక్‌కు నువ్వు కొన్న ప్రతి కారూ మంచి కారే. చూసినందుకు ఇంత అని కూలి ఇవ్వు. కొన్నా, కొనకపోయినా అదే డబ్బు. వద్దమ్మా అని చెప్పినందుకు కూడా కూలి దొరుకుతుందని తెలిస్తే మనిషి నోరు నిజం చెబుతుంది.

నువ్వు నేర్చుకోవలసింది ఇంజను కన్నా ముందు రేకు. ఇంజను బాగుచేయవచ్చు, గుద్దుకుని వంకరపోయిన బాడీ మళ్ళీ కంపెనీ నుంచి వచ్చినట్టు కాదు. బానెట్ ఎత్తి పక్కనున్న ఏప్రాన్ చూడు, కంపెనీ వేసిన స్పాట్ వెల్డింగు చుక్కలు వరుసగా, ఒకే ఎడంలో ఉంటాయి. చేత్తో చేసిన వెల్డింగు అట్లా ఉండదు. తలుపుల రబ్బరు బీడింగు లాగి పిల్లర్ల మీద కూడా అదే చూడు. బానెట్ బోల్టుల మీద పెయింటు లేచిందంటే ఎప్పుడో విప్పారు. ఎందుకు విప్పారని అడుగు. అడిగినప్పుడు కారు వైపు చూడకు, ఓనరు వైపు చూడు. పొద్దున్నే పో, ఫోన్ చేయకుండా పో. ముందే వేడెక్కించి పెట్టిన ఇంజను తన జబ్బు దాచిపెడుతుంది.

ఆడవాళ్ళు మోసపోతారన్న మాట అన్నవాళ్ళ ఇంట్లో కారు కొన్నది ఎవరు, ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్ముకున్నారు? అడిగి చూడు. కారు కొనే కుటుంబాల్లో మాట ఎప్పుడూ మగవాడిదే అయినా నిర్ణయం వెనక సీట్లో కూర్చునే ఆమెది. ఆమెతో మాట్లాడగలిగిన వ్యాపారులు మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?

*ప్ర: ఢిల్లీ నుంచి పెద్ద డీజిల్ కార్లు ఇక్కడి ధరలో సగానికి వస్తా ఉండాయి. చెన్నైలో కూడా ఇన్సూరెన్స్ వేలంలో మంచి మోడళ్ళు చవగ్గా వస్తాయంటారు. తెచ్చి అమ్మితే లాభమేనా?*
— తిరుమంగళం

జ: సగం ధర ఎందుకో ముందు తెలుసుకోవాలి. పదేళ్ళు దాటిన డీజిల్ కార్ల మీద ఢిల్లీలో 2015లో గ్రీన్ ట్రిబ్యునల్, 2018లో సుప్రీం కోర్టు నిషేధం చెప్పాయి. ఆ నిషేధం అమలు మాట ఒక్కో ఏడు ఒక్కో రకంగా నడుస్తోంది, ధరలూ దానితో పాటే ఊగుతాయి. కొన్న ధరకు అక్కడి ఎన్‌ఓసీకి పట్టే రోజులు, లారీ బాడుగ, కారు వయసును బట్టి తమిళనాడులో మళ్ళీ కట్టాల్సిన లైఫ్ టాక్సు కలుపుకోండి. ఇంతా చేస్తే టీఎన్ 58, టీఎన్ 59 చూసి పెరిగిన గిరాకీ ఢిల్లీ బండి అని తెలియగానే ఇంకో యాభై వేలు తగ్గించమంటుంది. చేతిలో ఒకటి రెండు కార్లతో తిరిగేవాడికి ఈ బేరం నప్పదు.

చెన్నై వేలం మాట ఇంకా జాగ్రత్త. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను, రెండుసార్లూ కార్లు నిలబెట్టినచోటే మునిగాయి. మునిగిన కారు ఆరబెడితే మెరుస్తుంది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, లోపలి కొసన బురద గీత ఉంటే వదిలేయండి. స్టెప్నీ టైరు కింద గుంటలో తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన, సీట్ల కింది బోల్టులు చూడండి. నీళ్ళు తాగిన వైరింగు మొదటి ఆరు నెలలు బుద్ధిగానే ఉంటుంది, ఆ ఆరు నెలలయ్యేసరికి కారు మీ గిరాకీ దగ్గర ఉంటుంది. తెలిసి కొని, ఇది వరద కారు అని రాసిచ్చి అమ్మే ధైర్యముంటే అమ్మండి. రాసివ్వలేనిది కొనకండి.

*ప్ర: మా పెద్దమ్మ అల్లుడు నా దగ్గర స్విఫ్ట్ తీసుకుని సగం డబ్బు ఇచ్చినాడు. మిగతాది కోత అయినాక ఇస్తానన్నాడు, రెండు కోతలు అయిపోయినాయి. కాగితాలు రాసుకోలేదు. బండి ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉండాది. గట్టిగా అడిగితే మనవాళ్ళలో చెడ్డపేరు వస్తుందని నోరు మూసుకుని ఉండాను.*
— ఆర్., ఆవారంపాళయం

జ: నాయనా, నోరు మూసుకుని ఎన్నాళ్ళుంటావు? మన వాళ్ళు నాయక రాజుల కాలం నుంచి ఈ నేల మీద ఉన్నారు. చుట్టూ వేరే భాష, వేరే జనం ఉన్నప్పుడు ఒకరినొకరు నమ్ముకుని బతికారు, మాట మీద అప్పులిచ్చుకున్నారు, మంచిదే. ఎద్దును మాట మీద ఇస్తే అది పొలం దున్నేది, అంతే. కారు అట్లా కాదు, రేపు ఒకరిని గుద్దితే ఎవరు జవాబు చెప్పాలి? డబ్బు ఎగ్గొట్టిన మీ బంధువు కాదు, పేరు తెలియని ఆ పాత ఓనరు. అతనికి మీ పెద్దమ్మ చుట్టం కాదు కదా.

డబ్బు సంగతి పక్కన పెట్టి ముందు పేరు మార్పించు. బకాయికి ప్రామిసరీ నోటు రాయించుకో, వడ్డీ వద్దను, గడువు తేదీ మాత్రం ఖచ్చితంగా రాయించు. ఇన్సూరెన్సు కూడా అతని పేరుకు మార్పించు. థర్డ్ పార్టీ భాగం చట్టం ప్రకారం కారు వెంట పోతుంది గానీ కారుకు జరిగిన నష్టం వచ్చేది పేరు మార్చుకున్నవాడికే. పాత ఓనరు నో క్లెయిమ్ బోనసు ఆయనదే, అది కారుతో రాదు. ఈ మాటలన్నీ మీ పెద్దమ్మ ఇంట్లో, అందరి ముందు, నవ్వుతూ చెప్పు. దానికే అలిగి వెళ్ళిపోయేవాడు డబ్బు ఎలాగూ ఇవ్వడు. ఇకపై చుట్టాలకు రెండు వేలు తగ్గించు, కాగితం మాత్రం తగ్గించకు.

*ప్ర: ఆడి మాసంలో మొదలు పెట్టొద్దంటా ఉండారు ఇంట్లో. ఆవణి దాకా ఆగాల్నా?*
— విల్లాపురం, మదురై

జ: పూజ ఆవణిలోనే చేయండి, పెద్దవాళ్ళ మాట కాదనకండి. కార్లు మాత్రం ఆడిలో కొనండి. కొనేవాళ్ళు దొరక్క అమ్మేవాళ్ళు ధర దించేది ఆ నెలలోనే.